స్తంభం ఎక్కాలంటే ఏం చదవాలి?

పిల్లలూ! రాకెట్టు ఎక్కి చంద్రుడి మీదికి వెళ్ళాలని మీలో ఎంతమందికి ఉంది? అందరూ చేతులెత్తారు కదూ! సరే, కరెంటు స్తంభం ఎక్కాలని ఎంతమందికి ఉంది? ఒక్క చెయ్యీ లేవలేదు. పైగా వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

నవ్వకండి. ఈ రెండు పనులకీ మధ్య మీరనుకున్నంత దూరం లేదు. 2023 జూలై 14 మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోటలో చంద్రయాన్-3 రాకెట్టు నేల విడిచింది. దేశమంతా తల పైకెత్తి చూసింది. ఆ రాకెట్టు బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందు వరకూ తన బ్యాటరీలను పొదుపుగా దాచుకుని, నేల మీది నుంచి తీగల ద్వారా వచ్చే కరెంటునే వాడుకుంటుంది. తల్లి కడుపులో బిడ్డకు బొడ్డుతాడు ఎలాగో రాకెట్టుకు ఆ తీగలకట్ట అలాగ. నిజానికి ఇంజనీర్లు దాన్ని పిలిచే పేరు కూడా అదే అర్థం వచ్చే పేరే! రాడార్లూ, కంప్యూటర్లూ, పంపులూ అన్నీ కరెంటు తాగి బతికేవే.

మరి ఆ కరెంటును ఎండనక, వాననక, ఉప్పుగాలి అనక ఊరూరికీ చేర్చే లైన్‌మన్‌ను ఎవరైనా తల ఎత్తి చూశారా? ఈ నెల ఆయన సంగతి చెప్పుకుందాం. ఆయన ఏం చదివాడు? ఏం నేర్చుకున్నాడు? ఏది మరిచిపోతే ఆయన సాయంత్రం ఇంటికి రాడు?

ముందు ఒక చిన్న లెక్క

మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు చూశారు కదా. దాని మీదికి వచ్చే తీగల్లో 11,000 వోల్టులుంటాయి. అక్కడి నుంచి మీ ఇంటికి వచ్చేవి 230 వోల్టులే. ఏకంగా 230 వోల్టులే పంపెయ్యవచ్చు కదా, మధ్యలో ఈ ప్రమాదం దేనికి అంటారా?

లెక్క వేద్దాం. 11 కిలోవాట్ల శక్తి పంపాలి. 230 వోల్టుల దగ్గర అయితే తీగలో దాదాపు 48 ఆంపియర్లు పారాలి. 11,000 వోల్టుల దగ్గర ఒక్క ఆంపియరు చాలు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 48ని 48తో గుణించండి: సుమారు 2,300. అంటే అదే తీగలో 230 వోల్టులతో పంపితే 2,300 రెట్లు ఎక్కువ శక్తి దారిలోనే ఆవిరైపోతుందన్నమాట! అందుకే దూరం పోయే కొద్దీ వోల్టులు పెంచుతారు: 11 వేలు, 33 వేలు, లక్షా 32 వేలు, 2 లక్షల 20 వేలు, 4 లక్షలు.

మనకు పొదుపు తెచ్చే ఆ వోల్టులే లైన్‌మన్ పాలిట పులి. ఆయన చదువంతా ఆ పులితో కాపురం చెయ్యడం ఎలాగో నేర్చుకోవడమే.

కాకికి లేని భయం మనకెందుకు?

కాకి దర్జాగా తీగ మీద వాలి ముక్కు తుడుచుకుంటుంది. దానికేమీ కాదు. ఎందుకని? కరెంటు పారాలంటే రెండు చోట్ల వోల్టుల్లో తేడా ఉండాలి. నీళ్ళు మిట్ట నుంచి పల్లానికి పారినట్టు. కాకి రెండు కాళ్ళూ ఒకే తీగ మీదే ఉన్నాయి కాబట్టి తేడా దాదాపు సున్నా. అదే కాకి రెక్క చాచి పక్క తీగను గానీ, ఇనప క్రాస్ ఆర్మ్‌ను గానీ తాకిందా, కథ ముగిసిందే. మన్లో ఎవరైనా నేల మీద నిలబడి తీగను తాకితే ఒంట్లోంచి నేలకు దారి దొరుకుతుంది.

ఎంత కరెంటు పారితే ప్రమాదం? ఆంపియరులో వెయ్యో వంతును మిల్లీ ఆంపియరు అంటారు. ఒక మిల్లీ ఆంపియరు పారితే చిన్న జలదరింపు. పది, పదిహేను పారితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలమన్నా వదలవు. యాభై దాటి వంద దాకా వెళితే గుండె లయ తప్పి గిలగిల్లాడవచ్చు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓములనుకోండి. 230ని 1,000తో భాగించండి. 0.23 ఆంపియరు. అంటే 230 మిల్లీ ఆంపియర్లు! మన ఇంటి కరెంటే ఇంత పని చెయ్యగలదు. ఇక 11,000 వోల్టుల సంగతి వేరే చెప్పాలా?

బడిలో రెండేళ్ళు, స్తంభం కింద కొన్నాళ్ళు

ఇప్పుడు మీరే లైన్‌మన్ కావాలనుకున్నారని అనుకుందాం. పదో తరగతి పాసయ్యాక ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సో, వైర్‌మన్ కోర్సో చదవాలి. రెండేళ్ళు. ఓమ్ సూత్రం, ట్రాన్స్‌ఫార్మరు, ఫ్యూజు, ఎర్తింగు అన్నీ అక్కడే చేత్తో చేసి నేర్చుకుంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలకు జూనియర్ లైన్‌మన్ హోదాతో ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు ప్రాంతాలకు కరెంటు పంచే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఆ ఉద్యోగానికి పరీక్షలేమిటో తెలుసా? స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు తియ్యడం, సైకిలు తొక్కడం! మూడోది విని మళ్ళీ నవ్వకండి. అర్ధరాత్రి ఎక్కడో పొలంలో ఫ్యూజు పోతే అక్కడికి చేరేదెలా మరి?

స్తంభం ఎక్కడం బలం పని అనుకుంటారు. కాదు, లెక్క పని. ఎక్కేముందు కింద నుంచి పైదాకా స్తంభాన్ని చూడాలి. పగుళ్ళున్నాయా? ఒరిగిందా? మొదట్లో మట్టి కోసుకుపోయిందా? స్తంభం పొడవులో సుమారు ఆరో వంతు భూమిలో ఉండాలి. 8 మీటర్ల స్తంభమైతే మీటరూ ఒక అడుగుకు పైగా అన్నమాట. లైను మలుపు తిరిగేచోటా, ఆగిపోయేచోటా తీగలన్నీ ఒకే పక్కకు లాగుతాయి కాబట్టి రెండో పక్క స్టే వైరు కట్టాలి. అది తెగి ఉంటే ఎక్కకూడదు. ఎక్కేటప్పుడు రెండు చేతులూ, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు పట్టు మీద ఉండాలి. పైకి చేరగానే బెల్టు బిగించాలి. ఆ తర్వాతే చేతులకు పని.

రబ్బరు చేతొడుగుల్ని ఎలా పరీక్షిస్తారో చూడండి. అంచు దగ్గర మడిచి లోపల గాలి బంధించి, వేళ్ళవైపుకు నొక్కుతూ చెవి దగ్గర పెట్టుకుంటారు. ఎక్కడైనా సూదిమొనంత చిల్లున్నా 'స్స్' అంటుంది. అంతే, అది చెత్తబుట్టలోకి. ఆ 'స్స్' చేతొడుగు నోట వినాలి గానీ చేతిలో వినకూడదు!

పాఠాల్లో సరదాలూ లేకపోలేదు. అల్యూమినియం తీగల మధ్య ఉక్కు తీగ పెట్టి పేనిన లావుపాటి తీగలకు జంతువుల పేర్లు పెట్టారు బ్రిటిష్‌వాళ్ళు. ఉడుత, ముంగిసలాంటి వీజెల్, కుందేలు, కుక్క, చిరుతపులి, జీబ్రా, మూస్ దుప్పి! తీగ లావయ్యేకొద్దీ జంతువూ పెద్దదవుతుంది. ఉక్కు లేని ఒట్టి అల్యూమినియం తీగలకేమో చీమా, దోమల్లాంటి పురుగుల పేర్లు. "కుందేలు తెగింది, చుట్ట పట్రా" అని ఎవరైనా అంటే వేటకు బయలుదేరకండి.

స్విచ్చి తీశాం కదా, ఇంకా భయమెందుకు?

కొత్తగా చేరినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలియనివాళ్ళే ఎక్కువగా చనిపోతున్నారు. కాబట్టి నెమ్మదిగా చదవండి.

లైను మీద పని ఉంటే ముందు సబ్‌స్టేషనుకు చెప్పి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. దాన్నే ఎల్.సి. అంటారు. ఎవరు తీసుకున్నారో వాళ్ళే పని పూర్తయ్యాక తిరిగి ఇవ్వాలి. వేరెవరో వచ్చి "అయిపోయిందట, వెయ్యండి" అంటే వెయ్యకూడదు. అక్కడ స్విచ్చి తీసి, తాళం వేసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అని బోర్డు తగిలిస్తారు.

అయినా తీగను ముట్టుకోకూడదు. ముందు టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు బాగుందో లేదో, కరెంటున్న చోట ముందొకసారీ, తర్వాతొకసారీ చూసుకోవాలి. చచ్చిన టెస్టరుకు ప్రతి తీగా చచ్చినట్టే కనిపిస్తుంది కదా!

టెస్టరు కూడా కరెంటు లేదంది. ఇప్పుడైనా? ఊహూఁ, ఇంకా కాదు. ఆ ఊళ్ళో ఒక పెళ్ళిల్లు ఉందనుకోండి. కరెంటు పోయిందని వాళ్ళు జనరేటరు వేశారు. మెయిన్ స్విచ్చి తియ్యడం మరిచిపోయారు. జనరేటరు కరెంటు ఇంట్లోనే ఉండక వీధి తీగలోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి పారుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు ముందూ వెనకా తెలియదు. అటు నుంచి 11,000 ఇస్తే ఇటు 230 చేస్తుంది. ఇటు నుంచి 230 ఇస్తే అటు సుమారు పదివేలు చేస్తుంది! సబ్‌స్టేషనులో తాళం వేసిన స్విచ్చి వేసినట్టే ఉంటుంది. పైన ఉన్న మనిషి చేతిలోకి మాత్రం పదివేల వోల్టులు వచ్చేస్తాయి. పక్క లైను తెగి దీనిమీద పడినా, ఎక్కడో దూరాన పిడుగు పడినా అంతే.

దీనికి మందు ఎర్తింగు. పని చేసే చోటికి రెండు వైపులా, తీగలన్నింటినీ కలిపి లావుపాటి తీగతో భూమికి కట్టేస్తారు. ఇప్పుడు ఎటు నుంచి కరెంటు వచ్చినా సులువైన దారిలో భూమిలోకి దూకుతుంది. ఆ ధాటికి ఫ్యూజు పోతుంది. మనిషి మిగులుతాడు.

ఇక్కడ మీకో చిక్కు ప్రశ్న. ఎర్తు తీగకు రెండు కొసలుంటాయి. ముందు ఏ కొస తగిలించాలి? భూమివైపుదా, లైనువైపుదా? ఆలోచించండి. ముందు లైనుకు తగిలించారనుకోండి, లైనులో ఖర్మకాలి కరెంటుంటే రెండో కొస మీ చేతిలో ఉంది! కాబట్టి ముందు భూమికి, తర్వాత లైనుకు. విప్పేటప్పుడు సరిగ్గా తలకిందులు: ముందు లైను, తర్వాత భూమి. చూశారా, ఒక ప్రాణం తీగకొసల వరస మీద ఆధారపడి ఉంది.

శ్రీహరికోట గాలిలో ఉప్పు

ఇప్పుడు తిరుపతి జిల్లా తీరానికి వద్దాం. చెన్నైకి ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క పులికాట్ సరస్సు, మధ్యలో ఇసుక దీవి శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. సూళ్ళూరుపేట నుంచి అక్కడికి పోయే రోడ్డు సరస్సు మధ్యగా వెళుతుంది. చలికాలంలో అక్కడికి ఫ్లెమింగోలు వస్తాయి, వాటిని చూడడానికి జనం వస్తారు. అక్కడి గాలిలో ఎప్పుడూ ఉండేది మాత్రం ఉప్పు.

స్తంభం మీద తీగను మోసే పింగాణీ గిన్నెల్లాంటివి చూశారు కదా. వాటినే ఇన్సులేటర్లంటారు. కరెంటు తీగ నుంచి స్తంభంలోకి దిగకుండా ఆపడం వాటి పని. వాటికి గొడుగుల్లా అంచులెందుకు? అందానికి కాదు. కరెంటు పైపై నుంచి జారి రావాలంటే ఆ మడతలన్నీ ఎక్కి దిగాలి. దారి పొడుగవుతుంది. గొడుగు కింది భాగం వానలో కూడా పొడిగా ఉంటుంది.

సముద్రపు గాలి ఆ గిన్నెల మీద సన్నగా ఉప్పు పూస్తుంది. పగలంతా ఏమీ కాదు, పొడి ఉప్పులో కరెంటు పారదు. తెల్లవారుజామున మంచు కురుస్తుంది. ఉప్పు కరిగి అయాన్లుగా విడిపోతుంది. గిన్నె పైన పల్చటి ఉప్పునీటి పొర కరెంటుకు దారి ఇస్తుంది. చిటపటమని నీలి మెరుపులు, ఆ తర్వాత 'ఢాం!' వానలేదు, గాలిలేదు, తెల్లారేసరికి ఊళ్ళో కరెంటు లేదు! అందుకే తీరప్రాంతాల్లో ఎక్కువ మడతలున్న, పొడుగు దారి ఉన్న ఇన్సులేటర్లు వాడతారు. మామూలు చోట ఒక కిలోవోల్టుకు 20 మిల్లీమీటర్ల చొప్పున దారి చాలితే, ఉప్పు బాగా చేరేచోట 31 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. వాటిని తుడిచి కడుగుతూ ఉండాలి కూడా. తీగల లోపలి ఉక్కునూ ఉప్పు తినేస్తుంది. కాబట్టి ఉక్కులేని అల్యూమినియం మిశ్రలోహపు తీగలు ఇలాంటి చోట మేలు.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. 9 వోల్టుల చిన్న బ్యాటరీ, 470 ఓముల రెసిస్టరు, ఎర్ర ఎల్.ఇ.డి. దీపం తీసుకుని వరసగా కలపండి. మధ్యలో రెండు తీగకొసలు విడిగా ఉంచండి. ఆ కొసల్ని పొడి ఉప్పులో పెట్టండి. దీపం వెలగదు. నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యండి. వెలుగుతుంది! బ్యాటరీతో మాత్రమే సుమా. గోడలోని ప్లగ్గు జోలికి వెళ్ళారంటే నాకూ మీకూ స్నేహం చెల్లు.

తుపాను రాత్రి

1984 నవంబరు 14న పెద్ద తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. గాలి తోపుడు కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి కంటే 150 కిలోమీటర్ల గాలి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు బలంగా తోస్తుంది. దానికి తోడు సరుగుడు చెట్లు విరిగి తీగల మీద పడతాయి. స్తంభాలు పేకముక్కల్లా వరసగా ఒరుగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పుడు ఇతర జిల్లాల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ లైన్‌మన్లు వచ్చి స్తంభాలు నిలబెట్టారు. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న వేళ తలుపు తీసుకుని బయటికి వెళ్ళేవాడు లైన్‌మన్.

అలాంటి వేళ తొందర పెద్ద శత్రువు. ఆసుపత్రికి కరెంటు లేదు, తాగునీటి మోటార్లు ఆగిపోయాయి, జనం ఫోను మీద ఫోను. ఎర్తు కట్టడానికి పట్టే పది నిమిషాలు అప్పుడు పది గంటల్లా అనిపిస్తాయి. ఆ పది నిమిషాలూ ఆగగలగడమే అసలైన శిక్షణ.

స్తంభం మీద ఊపిరి

వెనకటి రోజుల్లో శిక్షణే ఉండేది కాదు. అమెరికాలో హెన్రీ మిల్లర్ అనే లైన్‌మన్ 1891లో విద్యుత్ కార్మికుల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. పనివాళ్ళ క్షేమం కోసం ఊరూరా తిరిగాడు. 1896లో వాషింగ్టన్ నగరంలో పనిచేస్తూ షాకు తగిలి, స్తంభం మీది నుంచి పడి ఆయనే చనిపోయాడు.

1967 జూలై 17న అదే దేశంలో జాక్సన్‌విల్ అనే ఊళ్ళో రాండల్ చాంపియన్ అనే లైన్‌మన్ నాలుగువేల వోల్టులకు పైగా ఉన్న తీగను పొరపాటున తాకాడు. ఊపిరి ఆగిపోయింది. బెల్టు ఉండబట్టి కింద పడలేదు గానీ స్తంభానికి తలకిందులుగా వేలాడాడు. దూరంగా మరో స్తంభం దగ్గరున్న జె.డి. థాంప్సన్ పరుగెత్తుకు వచ్చాడు. కిందికి దింపేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని అతనికి తెలుసు. స్తంభం మీదే మిత్రుడి తల ఒడిసిపట్టి, నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదాడు. కాసేపటికి నాడి ఆడింది. అటుగా వెళుతున్న రాకో మొరాబిటో అనే ఫోటోగ్రాఫరు ముందు అంబులెన్సుకు కబురుపెట్టి, తర్వాత ఫోటో తీశాడు. ఆ ఫోటోకు 1968లో పులిట్జర్ బహుమతి వచ్చింది. చాంపియన్ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా బతికాడు.

థాంప్సన్ ధైర్యవంతుడే. కానీ ధైర్యం ఒక్కటే ఉంటే సరిపోయేదా? ఏం చెయ్యాలో ముందే నేర్చుకుని ఉండబట్టి ఆ నిమిషం వృథా కాలేదు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు రెండు ఊపిరులు ఊదాలి. ప్రతి లైన్‌మనూ ఇది నేర్చుకోవాలి. లైను మీద పనికి ఒక్కడే వెళ్ళకూడదనేది కూడా అందుకే.

తీగనే పట్టుకునేవాళ్ళు!

ఇంకో వింత. కరెంటు ఆపకుండానే లైను బాగుచేసేవాళ్ళున్నారు. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న బెంగళూరులో జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థవారి హాట్‌లైన్ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ శిక్షణ పొందినవాళ్ళు లోహపు దారాలు కలిపి నేసిన దుస్తులు వేసుకుని, నాలుగు లక్షల వోల్టుల తీగనైనా పట్టుకుంటారు. ఎలాగంటారా? మన కాకి చెప్పిన పాఠమే! నేలకు గానీ, టవరుకు గానీ ఏ సంబంధమూ లేకుండా, తీగ ఎన్ని వోల్టుల్లో ఉందో తామూ అన్ని వోల్టుల్లోకి చేరిపోతారు. తేడా లేదు కాబట్టి ఒంట్లో కరెంటు పారదు. లోహపు పంజరం లోపల విద్యుత్ క్షేత్రం ఉండదని మైకేల్ ఫారడే 1836లో నిరూపించాడు. ఆ దుస్తులు మనిషి ఆకారంలో ఉన్న ఫారడే పంజరమే.

ఈ పని మగవాళ్ళకేనా అని మీ చెల్లెలు అడుగుతోందా? తెలంగాణలో మొదట ఆడపిల్లల దరఖాస్తులే తీసుకోలేదు. హైకోర్టుకు వెళ్ళి అవకాశం తెచ్చుకుని, స్తంభం ఎక్కి చూపించి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2021లో ఉద్యోగం సంపాదించుకుంది. స్తంభానికి ఎక్కేవాళ్ళు ఆడా, మగా అన్నది పట్టదు. మూడు పట్టులున్నాయా లేదా అన్నదే పడుతుంది.

మీరు చెయ్యవలసింది

తెగిన తీగ నేల మీద పడి ఉంటే దగ్గరికి పోకండి. ఆ చుట్టూ నేలలో కూడా వోల్టులుంటాయి. దూరమయ్యేకొద్దీ తగ్గుతాయి. ఒక కాలు దగ్గరా, ఒక కాలు దూరంగా పడితే రెండింటి మధ్య తేడా ఏర్పడి కాళ్ళగుండా కరెంటు పారుతుంది. పాపం, పశువులు ఎక్కువగా చనిపోయేది ఇందుకే. వాటి ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ దూరం ఎక్కువ కదా. కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, మిగతావాళ్ళనూ ఆపి, పెద్దలచేత 1912 నంబరుకు ఫోను చేయించండి. తీగకు చిక్కిన గాలిపటం కోసం ఎక్కకండి. ఇంట్లో జనరేటరు వేస్తుంటే "మెయిన్ తీశారా?" అని నాన్ననో, మామయ్యనో అడగండి. ఆ ఒక్క ప్రశ్న, మీరెన్నడూ చూడని ఒక మనిషిని స్తంభం మీది నుంచి క్షేమంగా దింపుతుంది.

మన దేశంలో మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతున్నారు. ఆ రోజు దాకా ఆగనక్కర్లేదు. ఈసారి రాత్రి కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు అందరూ "హే!" అని అరుస్తారు చూడండి, ఆ అరుపులో సగం ఆయన పేరు మీద అరవండి.